మేడ మీది టమాటాకూ ఆనపపాదుకూ పిలకలు ఎప్పుడు గిల్లాలి, ఎప్పుడు గిల్లకూడదు?

ప్రశ్న (శ్రీకాకుళం, బలగ నుంచి)

పెద్దలందరికీ నమస్కారం. ఈ ఏడాదే మేడ మీద కూరగాయలు పెంచడం మొదలుపెట్టాను. దసరా వెళ్ళాక నర్సరీ నుంచి తెచ్చిన పీకేఎం-1 టమాటా నారును బకెట్లలోనూ, ఒక మిత్రుడిచ్చిన చెర్రీ టమాటా మొక్కలను పెద్ద గ్రో బ్యాగుల్లోనూ నాటాను. పీకేఎం మొక్కలు మోకాలి ఎత్తుకు రాకముందే మొగ్గ తొడిగాయి. చెర్రీ మొక్కలు మాత్రం నా నడుము దాటి, పూస్తూనే ఇంకా పైకి పోతున్నాయి. ఆకు పంగల్లో వచ్చే పిలకలన్నిటినీ గిల్లేస్తే కాయ బాగా ఊరుతుందని వీడియోల్లో చెబుతున్నారు. పక్కింటి మామ్మగారేమో పూతకొచ్చిన మొక్క మీద చెయ్యి వేయవద్దని గట్టిగా అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తెలియక కత్తెర ఇంకా ముట్టుకోలేదు.

పిట్టగోడ వారగా పెద్ద తొట్టెలో ఒక ఆనపపాదు కూడా ఉంది. పందిరి వరకూ పాకింది, రోజూ సాయంత్రం తెల్లగా విరగబూస్తుంది, కానీ ఒక్క పిందె కూడా నిలవడం లేదు. దానికి 3జి కటింగ్ చేయమని కొందరంటున్నారు. కుండీలో పెరిగే పాదుకు అది సరిపడుతుందా? మాకు మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి జోరుగా వీస్తుంది కాబట్టి మొక్కలకు ఊతం ఎలా కట్టాలో కూడా దయచేసి చెప్పగలరు.

జవాబు (విజయనగరం, కంటోన్మెంట్ నుంచి)

మామ్మగారి మాట మీ పీకేఎం మొక్కలకు సరిగ్గా సరిపోతుంది, వీడియోలో చెప్పింది మీ చెర్రీ మొక్కలకు సరిపోతుంది. రెండూ టమాటాలే అయినా వాటి ఎదుగుదల తీరు వేరు కాబట్టి ఒకదానికి మేలు చేసే పని రెండోదానికి నష్టం చేస్తుంది.

పీకేఎం-1 తమిళనాడులోని పెరియకుళంలో రూపొందిన పొద రకం. ఇలాంటి మొక్కలో ప్రతి కొమ్మా కొంత దూరం పెరిగి, చివర ఒక పూతగుత్తితో ఆగిపోతుంది. ఆ తర్వాత ఆ కొమ్మకు ఎదుగుదల ఉండదు. 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక టమాటా మొక్కలో ఈ గుణం దానంతటదే పుట్టింది. కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి పండడం వల్ల, యంత్రంతో కోసే టమాటా సాగుకు తర్వాతి కాలంలో ఆ గుణమే ఆధారమైంది. అంటే మీ బకెట్లలోని మొక్క తన కొలతను తనే నిర్ణయించుకొని పుట్టింది. దానికి మళ్ళీ చిగురించి, కొత్త కొమ్మ వేసి, పూతకు తెచ్చుకొనేంత గడువు లేదు. మీరు గిల్లే ప్రతి పిలకా ఒక పూతగుత్తి కిందే లెక్క. తలచిగురు తుంచడమైతే అసలే వద్దు.

అలాగని దానికి ఏమీ చేయవద్దని కాదు. మట్టిని తాకుతున్న ఆకులనూ, మొదటి పూతగుత్తికి కింద పసుపుబారిన ఆకులనూ తీసేయండి. నీళ్ళు పోసినప్పుడు మట్టి చింది ఆ ఆకుల మీద పడడం వల్లనే ఆకుమాడు తెగులు ఎక్కువగా మొదలవుతుంది. మొదటి గుత్తికి కింద, మొదలుకు దగ్గరగా సన్నని పిలకలేవైనా ఉంటే గాలి ఆడడం కోసం వాటిని కూడా తీయవచ్చు, అంతకుమించి వద్దు. మధ్యలో ఆకు గుబురుగా ఉండి ఎండ తగలకపోతే, కొమ్మలను కోయకుండా మెత్తని గుడ్డపేలికతో బయటి వైపుకు వంచి, బకెట్ అంచుకు వదులుగా కట్టండి. ఒక్కసారిగా వంచితే కొమ్మ పంగ దగ్గర చీలుతుంది. రోజుకు కొంచెం చొప్పున, నీళ్ళు పోయకముందు, కొమ్మ కాస్త వడలి మెత్తగా ఉన్న వేళ వంచితే నొప్పి లేకుండా ఒదుగుతుంది. గడువు తక్కువ ఉన్న మొక్కకు ఎండ తగిలించడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి మార్గం లేదు.

చెర్రీ టమాటా సంగతి వేరు. దాదాపు అన్ని చెర్రీ రకాలూ తీగ స్వభావం కలవే, మీ మొక్క పూస్తూనే పైకి పోతోందంటే అది తీగ రకమే. రూఢి చేసుకోవాలంటే రెండు పూతగుత్తుల మధ్య ఆకులను లెక్కపెట్టండి. తీగ రకంలో సాధారణంగా మూడేసి ఆకులకొక గుత్తి వస్తుంది, పొద రకంలో ఒకటి రెండు ఆకులకే మరో గుత్తి కనబడుతుంది. తీగ రకాన్ని దాని మానాన వదిలేస్తే ప్రతి ఆకు పంగ నుంచీ మరో కాండం లేచి, గ్రో బ్యాగులో ఉన్న కొద్ది మట్టిని పంచుకొని, ఆకే తప్ప కాయ లేని పొద అవుతుంది. దీనికి పిలకలు తీయాలి.

పిలక ఎక్కడ వస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. కాండానికీ ఆకు కాడకూ మధ్య పంగలో, రెంటి నడుమా ఏటవాలుగా, చిట్టి మొక్కలా తనకంటూ తలచిగురుతో లేచేది పిలక. పూతగుత్తి పంగలో నుంచి రాదు, రెండు ఆకుల నడుమ కాండం పక్క నుంచే నేరుగా వస్తుంది. కొత్తవారు తొందరలో గుత్తినే గిల్లేయడం కద్దు కాబట్టి ఈ తేడా కంటికి అలవాటయ్యే వరకూ చెయ్యి ఆపండి. పిలక వేలెడు పొడవు లోపు ఉండగానే బొటనవేలితో పక్కకు వంచితే టక్కున ఊడి వస్తుంది, గాయం కూడా చిన్నదిగా ఉంటుంది. మొదటి పూతగుత్తికి సరిగ్గా కింద వచ్చే పిలక మిగతా వాటికన్నా బలమైనది. దాన్ని మాత్రం ఉంచి, రెండు కాండాలుగా పెంచండి. మన ఎండలకు ఒక్క కాండం మీద పెంచితే కాయకు నీడ చాలక, ఎండ పడిన వైపు తెల్లగా పొక్కుతుంది. మాఘమాసం దాటాక వచ్చే పిలకలను మొదలంటా తీయకుండా, రెండు ఆకులు ఉంచి కొస మాత్రమే గిల్లండి. ఆ ఆకులే కాయకు గొడుగవుతాయి.

తీసిన పిలకలను పారేయవద్దు. జానెడు పిలకను కింది ఆకులు తీసి, తడి కోకోపీట్‌లో గుచ్చి నీడన ఉంచితే కాండం నుంచే వేళ్ళు వస్తాయి, మీకు ఉచితంగా మరో మొక్క దొరుకుతుంది.

జవాబు (ఆమదాలవలస నుంచి)

పైన చెప్పినదంతా నిజం. కత్తిరించే చేతుల గురించి ఒక మాట కలపాలి. టమాటాకు సోకే మొజాయిక్ వైరస్ పొగాకులో కూడా ఉంటుంది, రసం ద్వారా చేతుల నుంచీ కత్తెర నుంచీ మొక్కకు చేరుతుంది. మన ప్రాంతంలో చుట్ట కాల్చే పెద్దలు ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉన్నారు. చుట్ట ముట్టుకున్న చేతులతో మొక్క తాకే ముందు సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. కత్తెరను కూడా ఒక మొక్క నుంచి మరో మొక్కకు మారేటప్పుడు సబ్బు నీళ్ళతో బాగా కడగండి. ఆకులు ముడుచుకున్న మొక్క ఏదైనా ఉంటే దాన్ని అన్నిటికన్నా చివర ముట్టుకోండి. మంచు ఆరిన తర్వాత, ఉదయం పూట గిల్లితే సాయంత్రానికి గాయం ఎండుతుంది. ముసురు పట్టిన రోజున మాత్రం ఏ మొక్కనూ కోయవద్దు.

గాలి విషయంలో మాకు పాఠం చెప్పింది తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలే నేలమట్టమయ్యాయి, మేడ మీది పందిళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. అందుకే పందిరిని పిట్టగోడ కన్నా మరీ ఎత్తుకు లేపవద్దనీ, విప్పి దించడానికి వీలుగా తాళ్ళతోనే కట్టమనీ నా సలహా. గుంజలకు మన తీరంలో దొరికే సరుగుడు కర్రలు వెదురు కన్నా నిటారుగా ఉంటాయి, బరువు కూడా ఆపుతాయి. టమాటాకు కర్రను నారు నాటిన రోజే పాతాలి. మీ మొక్కలు ఇప్పటికే పెరిగాయి కాబట్టి వేళ్ళు తెగకుండా, బకెట్ అంచును ఆనుకొని బయట నిలబెట్టి కట్టండి. తాడును కర్రకు బిగించి, కాండం చుట్టూ వేలు దూరేంత వదులుగా, నడుమ ఒక మెలిక వేసి కడితే గాలికి కాండం కర్రకు రాసుకోదు.

జవాబు (బొబ్బిలి నుంచి)

ఆనపపాదు గురించి నేను చెబుతాను. ముందుగా పువ్వును చూడండి. కింద సన్నని కాడ మాత్రమే ఉంటే మగపువ్వు, నూగుతో ఉన్న చిన్న ఆనపకాయ ఆకారం ఉంటే ఆడపువ్వు. పాదు తొలిరోజుల్లో ప్రధాన తీగ మీద మగపూలే ఎక్కువగా వస్తాయి. అందులో కంగారు పడవలసింది ఏమీ లేదు. ఆడపూలు పక్కతీగల మీద ఎక్కువగా వస్తాయి. తీగ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోను కిందికి దిగుతూ కణుపుల్లోని మొగ్గలను నిద్రపుచ్చి ఉంచుతుంది. కొస తుంచగానే ఆ అదుపు తొలగి పక్కతీగలు లేస్తాయి. తీగ కొస తుంచి రెండో తరాన్ని, దాని కొస తుంచి మూడో తరాన్ని లేపడమే 3జి కటింగ్.

అయితే కుండీలో పెంచే పాదుకు నేను రెండో తరం దగ్గరే ఆగమంటాను. కత్తెర ఆడపూలను పెంచగలదు కానీ కాయను పెంచే ఆహారాన్ని సృష్టించలేదు. ఆ పని ఆకులూ వేళ్ళూ చేయాలి. నేలలో పాదు వేళ్ళు ఎంత దూరమైనా పోతాయి, తొట్టెలో గోడ దగ్గర ఆగిపోతాయి. అలాంటి పాదుకు మూడో తరం వరకూ తీగలు లేపితే పిందెలు కోకొల్లలుగా వేసి, సగానికి పైగా రాల్చేస్తుంది. మీ పాదు పందిరికి ఎక్కింది కాబట్టి ప్రధాన తీగ కొసను ఇప్పుడు తుంచండి. పందిరికి కింద, మొదలు దగ్గర వచ్చే పిలకలను తీసేసి, పైన వచ్చే వాటిలో బలమైన మూడు నాలుగింటిని తలో దిక్కుకు పరచి కట్టండి. చాలు.

పిందె నిలవకపోవడానికి కత్తిరింపుతో సంబంధం లేని కారణం మరొకటి ఉండవచ్చు. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకొంటుంది, దాన్ని ఎక్కువగా రాత్రి తిరిగే రెక్కల పురుగులు ఫలదీకరిస్తాయి. మేడ మీద గాలి జోరుగా ఉంటే అవి రాలేవు. ఆడపువ్వు కనిపించిన సాయంత్రం అప్పుడే విచ్చుకొన్న మగపువ్వును కోసి, రేకులు వలిచి, పుప్పొడి ఉన్న నడిమి భాగాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఫలదీకరణ జరిగిన పిందె రెండు మూడు రోజుల్లో కాడ వంచి కిందికి వేలాడుతుంది, జరగనిది కొస నుంచి పసుపుబారి రాలుతుంది. ఎదిగే పిందె మీద చుక్కలాంటి గాటు, దాని నుంచి జిగురు కనబడితే అది పండుఈగ పని. అలాంటి పిందెను పాదు కింద పడేయకుండా కట్టిన సంచిలో పెట్టి ఎండలో ఉంచాలి.

యూరియా వంటి నత్రజని ఎరువు ఎక్కువైనా మగపూలే పెరుగుతాయి. ఈ మధ్య ఏమైనా వేశారా?

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. యూరియా వేయలేదు కానీ, ఆవుపేడ ఎరువు వారం వారం వేస్తున్నాను. చెర్రీ మొక్కల్లో ఆకులు లెక్కపెట్టాను, మూడేసి ఆకులకొక గుత్తి ఉంది. మిరప, వంగ మొక్కలకు కూడా ఇలాగే గిల్లాలా? చెర్రీ పిలకలన్నీ ఒకేరోజు తీయవచ్చా?

జవాబు (విజయనగరం, కంటోన్మెంట్ నుంచి)

ఒకేరోజు తీయవద్దు. ఇప్పటికే చాలా పిలకలు పెరిగి ఉంటే కింది వాటిని ఈ వారం, పై వాటిని వచ్చే వారం తీయండి. ఒక్క విడతలో మొక్క ఆకులో మూడో వంతుకు మించి పోనివ్వకండి. వేలెడు దాటి ముదిరిన పిలకను చేత్తో లాగితే కాండం తోలు ఊడి వస్తుంది, దాన్ని కత్తెరతోనే కోయాలి. కోసిన వారం ఎరువు పెంచవద్దు, నీరు కూడా మామూలుగానే పోయండి. ఆకు తగ్గిన మొక్క నీరు తక్కువ తాగుతుంది కాబట్టి వేలు పెట్టి మట్టి చూసి పోయడం మేలు.

మిరప మొదటి పువ్వు దగ్గర తనంతట తానే పంగగా చీలి, అక్కడి నుంచి ప్రతి కొమ్మా మళ్ళీ రెండుగా చీలుతూ పోతుంది. దాని తల తుంచనక్కరలేదు. మొక్క మరీ చిన్నదిగా ఉండగానే ఆ మొదటి పంగలో మొగ్గ వస్తే దాన్ని మాత్రం తీసేయండి. వంగకు ఇప్పుడేమీ వద్దు. కాపు తగ్గి కొమ్మలు ముదిరాక, నేలకు జానెడు ఎత్తున కోసి, పైమట్టి గుల్ల చేసి, మీరు వేస్తున్న పేడ ఎరువునే అప్పుడు వేస్తే మళ్ళీ చిగురించి రెండో కాపు ఇస్తుంది. ఆనపపాదుకు ఆ ఎరువును నెలకొకసారికి తగ్గించి, మధ్యలో కట్టెల బూడిద గుప్పెడు చల్లండి.