ఈ ఫోటో కింద '1955' అని రాయొచ్చా? లింకన్ ఫ్యూచురా గురించి

పెరంబూరు ఫియట్: మా నాన్నగారి ఆల్బమ్‌లోని నలుపు తెలుపు ఫోటో పెట్టాను. రెండు పారదర్శక బుడగల కప్పు, పొడుగాటి రెక్కలు, డిక్కీ మధ్యలో గుండ్రటి యాంటెన్నా. ఫోర్డ్ కంపెనీ షోల కోసం చేయించిన నమూనా కారు లింకన్ ఫ్యూచురానే, అనుమానం లేదు. 1955 జనవరిలో షికాగో మోటారు షోలో తొలిసారి చూపించారు. ఆ ఏడే కంపెనీ నాన్నని శిక్షణకి షికాగో పంపింది. చెన్నైలో పాత కార్ల ప్రదర్శనకి ఇస్తున్నా, కింద '1955, షికాగో' అని రాయిస్తా.

గిండీ లెన్స్: కారు పేరుతో పేచీ లేదండీ, ఏడాదే కుదరదు. షోలో దాని రంగు ముత్యంలా మెరిసే నీలి తెలుపు. మీ ఫోటోలో బాడీ ముదురు బూడిదగా ఉంది. 1959లో విడుదలైన ఓ హాలీవుడ్ సినిమా కోసం దానికి ఎర్ర రంగు వేశారు. నలుపు తెలుపు ఫోటోలో ఎరుపు ముదురుగా పడుతుంది కాబట్టి ఇది ఆ రంగు పడ్డాక తీసింది.

కోడంబాక్కం శీను: బ్యాట్‌మ్యాన్ నడిపే బ్యాట్‌మొబైల్ అయింది ఇదేనా?

టి.నగర్ హెరాల్డ్: ఇదే. ఇటలీలో కార్ల బాడీలు కట్టే ఘియా వాళ్ళు కట్టిన బాడీ. కార్ల రూపం మార్చే జార్జ్ బారిస్ దీన్ని మార్చాక 1966 బ్యాట్‌మ్యాన్ టీవీ సీరియల్లో నల్లగా కనిపించింది.

పెరంబూరు ఫియట్: నీడలో ఉంటే తెల్ల కారూ ముదురుగానే పడుతుంది.

గిండీ లెన్స్: మరి కారుని ఆనుకుని నిలబడ్డాయన చొక్కా అంత తెల్లగా ఎలా పడింది? నీడ ఆయన్ని వదిలేసి కారు మీదే పడిందా?

కోడంబాక్కం శీను: బొమ్మ కారేమో. బొమ్మ కార్ల కిట్లు చేసే రెవెల్ వాళ్ళు 1956లో ఫ్యూచురా కిట్ అమ్మారు.

టి.నగర్ హెరాల్డ్: పక్కన మనిషున్నాడు కదయ్యా!

పెరంబూరు ఫియట్: లెన్స్ గారికి ఎవరు ఏ ఫోటో పెట్టినా అనుమానమే. చొక్కా పట్టుకుని వేలాడుతున్నారు.

గిండీ లెన్స్: అనుమానం ఊరికే రాలేదు. ఓ పాత సామాన్ల వ్యాపారి 1938 నాటి నమూనా కారు బ్యూయిక్ వై-జాబ్ ఫోటో, అసలు ప్రింటేనని అంటగట్టాడు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే అన్నీ అచ్చు చుక్కలే. పత్రికలోంచి కత్తిరించిన కాగితం! కెమెరా ప్రింటులో అలా వరస చుక్కలుండవు. ఆ డబ్బు తిరిగి రాలేదు. ప్రదర్శనలో ఒక్కసారి తప్పు ఏడాది రాశామంటే జనం దాన్నే ఫోన్లో తీసుకుని పదిమందికీ పంపుతారు, ఇక దిద్దేవాడుండడు.

పెరంబూరు ఫియట్: మిమ్మల్ని ఎవడో మోసం చేస్తే మా నాన్న అబద్ధాలకోరు అవుతారా? ఆ కారుని చేత్తో తాకానని చివరిదాకా చెప్పారాయన!

గిండీ లెన్స్: ఆయన తాకలేదని నేనెక్కడన్నాను? 1955లో చూసినవారికి ఈ ప్రింటు తర్వాత ఎవరైనా పంపి ఉండొచ్చు. ఆయన కారు చూసిన రోజు వేరు, ఈ ఫోటో తీసిన రోజు వేరు.

టి.నగర్ హెరాల్డ్: 'లింకన్ ఫ్యూచురా, కుటుంబ ఆల్బమ్ నుంచి' అని రాస్తే సరిపోదా అన్నా?

పెరంబూరు ఫియట్: సరిపోదు. కారు బొమ్మలు నెట్‌లో కోకొల్లలు. షికాగో తీసేస్తే ఇందులో మా నాన్న ఎక్కడున్నారు?

గిండీ లెన్స్: ఆయన షికాగో వెళ్ళిన సంగతి పక్కన వేరే కార్డు మీద రాయండి, మొదట చదివేది నేనే. ఫోటో వెనక స్టూడియో ముద్రో, తేదీయో ఉందేమో చూశారా?

పెరంబూరు ఫియట్: ఆల్బమ్‌కి జిగురుతో అంటించి ఉంది. పీకితే చిరుగుతుంది, నేను పీకను.

గిండీ లెన్స్: పీకొద్దు. పాత ఫోటోలు బాగుచేసేవాళ్ళకి చూపించండి. వెనక చూడకుండా '1955' అని రాస్తే మాత్రం నిర్వాహకులకి నా అభ్యంతరం రాసి పంపుతాను.

పెరంబూరు ఫియట్: పంపండి. కార్డు అచ్చుకి ఇచ్చేశాను.