రాత్రి పూట మాయాబజార్ ఎక్కడి నుంచి మొదలుపెడతారు?

కర్నూలు కొట్టాయన
అంగడి మూసి ఇంటికొచ్చి తినేసరికి పదకొండు దాటుతుంది, వెంటనే పడుకుంటే నిద్ర రాదు. ఫోన్లో ఏమైనా చూద్దామంటే చెయ్యి మాయాబజార్ మీదికే పోతుంది. 1957 నాటి సినిమా, ఏ సీన్ తర్వాత ఏదొస్తుందో అంతా తెలుసు, అయినా చూసినంతసేపూ పగటి టెన్షన్ ఒక్కటీ గుర్తుకు రాదు. చిక్కల్లా నిడివితోనే, మూడు గంటలు దాటుతుంది, పొద్దున్నే మళ్ళీ అంగడి తీయాలి. రాత్రిళ్ళు చూసేవాళ్ళు ఎక్కడి నుంచి పెడతారు? 2010లో వచ్చిన రంగుల ప్రింట్ మంచిదా, పాతదేనా?

తాడిపత్రి తమ్ముడు
అన్నా, ఈ సినిమా డైరెక్టరు కె.వి.రెడ్డి గారు పుట్టింది మా తాడిపత్రిలోనే, కాబట్టి ముందు నేనే చెప్తా. ఘటోత్కచుడు ద్వారకకు వచ్చి శశిరేఖను మంచంతో సహా ఎత్తుకుపోయే చోటి నుంచి పెట్టు. అక్కడి నుంచి సావిత్రిని చూడాల. ఆకారం శశిరేఖది, లోపలుండేది ఘటోత్కచుడు, ఆ నడకా ఆ చూపూ ఆడపిల్లవి కావని మనకు ప్రతి క్షణం తెలుస్తూనే ఉంటుంది. పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు రేలంగి కాలు తొక్కేటప్పుడు ఇంట్లోవాళ్ళు లేస్తారేమో అని నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుంటా. ప్రింట్ మాత్రం పాతదే.

ప్రొద్దుటూరు
తమ్ముడి మాట నేను ఒప్పుకోను. సగం నుంచి చూస్తే నవ్వొస్తుంది గానీ తృప్తి ఉండదు. పాండవుల రాజ్యం పోయిందని తెలిసిన వెంటనే శశిరేఖను అభిమన్యుడికి ఇస్తామన్న మాటను తల్లి రేవతి మార్చడం, సుభద్ర కొడుకును వెంటబెట్టుకుని పుట్టింటి గడప దాటడం చూడాల. ఆ అవమానం చూసినోళ్ళకే చివర్లో కౌరవుల పాట్లు చూస్తే కడుపు నిండుతుంది. పైగా లాహిరి లాహిరి పాట ముందే వచ్చేస్తుంది కదా, అది వదిలేసి ఎట్లా?

మా అవ్వకు వయసు మీదపడినాక రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు, ఇదే పెట్టమనేది. ఈ శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలో లేదు. అసలు భారతంలో అభిమన్యుడు పద్మవ్యూహంలో పోతాడు, ఘటోత్కచుడు కర్ణుడి శక్తికి పడిపోతాడు. అవ్వకు అదంతా నోటికొచ్చు. "ఈడ పిల్లోళ్ళిద్దరూ బాగుండారు" అనేది. ఈ సినిమాలో పాండవులు ఒక్కరు కూడా తెర మీదికి రారు, యుద్ధం ఊసు మన దాకా రాదు, అన్నదమ్ములిద్దరూ నవ్వుతా ఉండగానే కథ అయిపోతుంది. నాకు రాత్రిపూట కావాల్సింది అదే. అందుకే మొదటి నుంచీ చూడు, రెండు రాత్రులు పట్టినా సరే.

అనంతపురం టీచరమ్మ
రెండు రాత్రుల మాట బాగుంది, మేమూ అంతే. కానీ రంగుల ప్రింట్‌ను తీసిపారేయొద్దు. కొంత కత్తిరించారు, నిజమే. నలుపు తెలుపు అనగానే లేచిపోయే మా పిల్లలు వివాహ భోజనంబు రంగుల్లో చూసి కదలకుండా కూర్చున్నారు, ఇప్పుడు గిల్పం అనే మాయ మంచం మీద పండితుల అవస్థ ఎప్పుడొస్తుందా అని వాళ్ళే అడుగుతున్నారు. పిల్లలతో చూస్తే రంగులది, ఒంటరిగా చూస్తే పాతది పెట్టుకోండి.

తాడిపత్రి తమ్ముడు
అక్కా, ఘటోత్కచుడిగా ఎస్వీఆర్ ముందు అన్ని పిండివంటలు ఉండేటప్పుడు రంగులున్నా బాగుంటుంది, ఒప్పుకుంటా. లాహిరి లాహిరి మాత్రం గదిలో లైటు ఆర్పి నలుపు తెలుపులోనే చూడండి, మార్కస్ బార్ట్‌లే కెమెరాతో తెచ్చిన ఆ వెన్నెల మీద రంగు పూస్తే నాకు మనసొప్పదు.