ఎన్విరాన్‌మెంటల్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్: అనంతపురం, కడప, కర్నూలు నుంచి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

దుర్గం_చేను:

అందరికీ నమస్తే. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎంఏ ఎకనామిక్స్ అయి మూడేళ్ళయింది. రెండేళ్ళుగా ఒక స్వచ్ఛంద సంస్థలో సర్వేలు చేస్తున్నాను. ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని ఎండిపోయాయి, శనక్కాయ ఎన్ని మూటలొచ్చింది, ఇన్సూరెన్స్ డబ్బు పడిందా లేదా, అప్పు ఎక్కడ తెచ్చారు, రోజూ ఇవే ప్రశ్నలు. అడిగి రాసుకుని పై ఆఫీసుకు పంపిస్తాం, అక్కడితో మా పని అయిపోతుంది. ఆ అంకెల్లో ఏం తేలిందో మాకెవరూ చెప్పరు. మా నాన్న ఆరెకరాలకు నాలుగు బోర్లు వేయించి మూడు పోగొట్టుకున్నాడు, అందుకే ఆ ఫారంలో రాసే ప్రతి లైనూ నాకు మా ఇంటి సంగతిలాగే ఉంటుంది. ఆ లెక్క చివరిదాకా నేనే తేల్చాలని ఉంది.

వాతావరణ మార్పు, నీళ్ళు, పంట నష్టం, ఈ విషయాల మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నా. సొంత డబ్బుతో అయ్యే పని కాదు. నెట్‌లో చూస్తే చెవెనింగ్, ఎరాస్మస్ ముండస్, వరల్డ్ బ్యాంక్, డాడ్ అని బోలెడు పేర్లు కనిపిస్తున్నాయి, ఏది నాకు పనికొస్తుందో అర్థం కావట్లేదు. టౌన్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే 80 వేలు కట్టండి, రీసెర్చ్ ప్రపోజల్ కూడా మేమే రాయించి సీటు చూపిస్తాం అన్నారు. నిజంగా అలా జరుగుతుందా?

ఇంకో భయం మ్యాథ్స్. ఇంటర్‌లో సీఈసీ చదివాను, ఎంఏలో స్టాటిస్టిక్స్ పేపర్ ఏదో బట్టీ పట్టి పాసయ్యాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఏడాది టైం అడిగి తీసుకున్నా. ఈ ఏడాదిలో ఏం చేస్తే బాగుంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ప్రొద్దుటూరు_నుంచి_రైన్:

చెల్లెమ్మా, ముందు ఆ 80 వేలు కట్టొద్దు. డబ్బు ఇచ్చి పీహెచ్‌డీ సీటు తెచ్చుకోవడం అనేది మంచి యూనివర్సిటీల్లో లేదు. ప్రపోజల్ వేరేవాళ్ళతో రాయిస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది. నేను జర్మనీలో మూడో ఏడాదిలో ఉన్నా, మాది ప్రొద్దుటూరు, అప్లికేషన్లన్నీ నేనే ఇంట్లో కూర్చుని పంపించా.

మీరు రాసిన పేర్లలో సగం తీసేయొచ్చు. చెవెనింగ్ ఏడాది మాస్టర్స్‌కి. వరల్డ్ బ్యాంక్‌ది, జపాన్ డబ్బుతో ఇచ్చేది, అదీ మాస్టర్స్‌కే. ఎరాస్మస్ ముండస్ ఇప్పుడు జాయింట్ మాస్టర్స్‌కి. మ్యాథ్స్ గురించి మీకున్న భయం చూస్తే మధ్యలో ఒక మాస్టర్స్ చేయడం తప్పేమీ కాదు, కానీ అది పీహెచ్‌డీ స్కాలర్‌షిప్ అనుకుని అప్లై చేయకండి.

నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. స్వీడన్, నార్వే, నెదర్లాండ్స్, జర్మనీ లాంటి చోట్ల పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగం. కాంట్రాక్టు ఉంటుంది, నెల జీతం వస్తుంది, ఏ దేశంవాళ్ళయినా అప్లై చేయొచ్చు. స్వీడన్‌లో యూరప్ బయటివాళ్ళకు మాస్టర్స్‌కి ఫీజు ఉంది గానీ పీహెచ్‌డీకి లేదు. అందుకని "స్కాలర్‌షిప్" అని వెతికితే ఇవి కనిపించవు, "డాక్టోరల్ పొజిషన్" అని వెతకాలి. యూరాక్సెస్ అని యూరప్ పరిశోధన ఉద్యోగాల సైట్‌లో, యూనివర్సిటీల ఉద్యోగాల పేజీల్లో వేస్తారు. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు కూడా అక్కడే దొరుకుతాయి. వాటికి ముఖ్యమైన నిబంధన ఏంటంటే మీరు చేరబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదు, మీకు ఆ సమస్యే లేదు.

మనలాంటి దేశాలవాళ్ళ కోసమే పెట్టినవీ ఉన్నాయి. డాడ్ అంటే విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మనీ సంస్థ, అందులో పరిశోధన గ్రాంట్లు ఉన్నాయి, చివరి డిగ్రీ అయి ఆరేళ్ళు దాటకూడదు, మీకు మూడేళ్ళే కాబట్టి టైం ఉంది. బాన్ యూనివర్సిటీలో అభివృద్ధి పరిశోధన కేంద్రం, జెడ్‌ఈఎఫ్ అంటారు, అక్కడ ఆసియా, ఆఫ్రికా పిల్లలు ఎక్కువ, ఫీల్డ్ వర్క్‌కి సొంత దేశానికే వచ్చి చేసుకుంటారు. వాళ్ళలో డాడ్ డబ్బుతో చదివేవాళ్ళూ ఉన్నారు. నెదర్లాండ్స్‌లో వాఖెనింగన్‌లో శాండ్‌విచ్ పీహెచ్‌డీ అని ఉంది, కొంతకాలం అక్కడ, మధ్యలో ఫీల్డ్ పని ఇక్కడ. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ సంగతి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. సీడా అని ఆ దేశం అభివృద్ధి సహాయ సంస్థ, దాని డబ్బుతో వర్ధమాన దేశాలవాళ్ళకు ఎన్విరాన్‌మెంటల్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ నడిపారు. అక్కడ చదివి వెనక్కి వెళ్ళినవాళ్ళు తమ దేశాల్లో పరిశోధన కేంద్రాలు నడిపారు. 2007లో మొదలైన ఎన్విరాన్‌మెంట్ ఫర్ డెవలప్‌మెంట్ నెట్‌వర్క్ అలా పెరిగిందే. దాని ఇండియా కేంద్రం ఢిల్లీలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. ఏ సంవత్సరం ఏ ప్రకటన వస్తుందో నేరుగా వాళ్ళ సైట్‌లోనే చూసుకోండి, వాట్సాప్‌లో తిరిగే లిస్టుల్లో తేదీలు పాతవి ఉంటాయి.

అమెరికా లెక్క వేరు. అక్కడ ఐదేళ్ళు పడుతుంది, మొదటి ఏడాదంతా క్లాసులు, పరీక్షలు, కానీ తీసుకున్నారంటే మామూలుగా ఫీజు మాఫీ, నెలకింత స్టైపెండ్, బదులుగా టీచింగ్ అసిస్టెంట్ పని. బర్కిలీ, డేవిస్, మేరీల్యాండ్‌లో వ్యవసాయ, సహజ వనరుల ఎకనామిక్స్‌కే ప్రత్యేకంగా డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అక్కడికి మాత్రం మ్యాథ్స్ లేకుండా వెళ్ళలేం.

కర్నూలు_లెక్చరర్:

మ్యాథ్స్ గురించి నేను చెప్తానమ్మా. ఇరవై ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తున్నాను, మన దగ్గర తెలివైన పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. సీమ పల్లెల్లో పెరిగిన పిల్లలకు కరువు ఆర్థికం ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ ఒక లాగ్రాంజ్ ఫంక్షన్ రాసి డెరివేటివ్ తీయమంటే చేయి వణుకుతుంది. అది మీ తప్పు కాదు, మేము చెప్పిన తీరు అలాంటిది, అందులో నా వంతూ ఉంది.

కానీ ఏడాది తక్కువ టైమేమీ కాదు. కాలిక్యులస్ ఇంటర్ ఎంపీసీ పుస్తకం నుంచే మొదలుపెట్టండి, సిగ్గుపడకండి. తర్వాత మ్యాట్రిక్స్‌లు, ప్రాబబిలిటీ, ఆప్టిమైజేషన్. ఇవన్నీ ఎన్‌పీటీఈఎల్‌లో, అంటే ఐఐటీలవాళ్ళ ఆన్‌లైన్ పాఠాల్లో, ఉచితంగా వినొచ్చు, కొద్ది ఫీజు కట్టి పరీక్ష రాస్తే సర్టిఫికెట్ కూడా వస్తుంది, అప్లికేషన్‌లో చూపించుకోవచ్చు. ఎకనామెట్రిక్స్, అంటే ఎకనామిక్స్‌కి వాడే స్టాటిస్టిక్స్, చదివేటప్పుడు పక్కనే ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, అది ఉచితం. రోజుకు రెండు గంటలు, ఆదివారాలు ఎక్కువసేపు. లెక్క కాగితం మీద చేయాలి, వీడియో చూసి అర్థమైందనుకుంటే లాభం లేదు.

రెండోది, ఉద్యోగం మార్చుకునే వీలుంటే చూడండి. పేదరికం మీద పరిశోధన చేసే జే-పాల్ దక్షిణాసియా లాంటి చోట్ల రీసెర్చ్ అసోసియేట్లను తీసుకుంటారు, అక్కడినుంచి పీహెచ్‌డీలకు వెళ్ళినవాళ్ళు చాలామంది. రెండేళ్ళు ఊళ్ళు తిరిగిన అనుభవం వాళ్ళకు నిజంగా కావాలి. కాఠ్మండూలో సాండీ అని ఉంది, దక్షిణాసియా పర్యావరణ ఆర్థికవేత్తల నెట్‌వర్క్, ఇసిమోడ్ అనే హిమాలయ ప్రాంత దేశాల పరిశోధన సంస్థలో నడుస్తుంది. శిక్షణ తరగతులు పెడతారు, చిన్న పరిశోధన గ్రాంట్లు ఇస్తారు. సిఫారసు లేఖలు మీ పని దగ్గరనుంచి చూసినవాళ్ళ దగ్గరే తీసుకోండి. పెద్ద పదవిలో ఉన్నాయనతో నాలుగు లైన్లు రాయించుకుంటే ఎవరూ పట్టించుకోరు.

ఇంకో సంగతి. కేంద్ర సామాజిక న్యాయ శాఖవాళ్ళ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవాళ్ళ పిల్లలకు, మొత్తం 125 సీట్లు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, పీహెచ్‌డీకి కూడా ఇస్తారు. ఎస్టీలకు గిరిజన శాఖది వేరుగా 20 సీట్లు. అయితే జాగ్రత్త, 2022లో సామాజిక న్యాయ శాఖ ఒక నిబంధన పెట్టింది, భారతీయ సంస్కృతి, చరిత్ర, ఇండియా మీద సామాజిక అధ్యయనాలు చేసే అంశాలకు ఇవ్వరట. ఇది చాలా అన్యాయమైన నిబంధన అని నా అభిప్రాయం, మన ఊరి గురించి మన పిల్లలు చదవకపోతే ఎవరు చదువుతారు. ఎకనామిక్స్‌వాళ్ళు అంశం పేరు రాసేటప్పుడు ఆ ఏడాది నిబంధనలు ఒకటికి రెండుసార్లు చదువుకుని అప్లై చేయాలి.

ధర్మవరం_పరిశోధకుడు:

నేను బయటికి వెళ్ళలేదు. రెండుసార్లు అప్లై చేశా, రాలేదు. తర్వాత యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టి ఇక్కడే చేశా. జేఆర్‌ఎఫ్ ఇప్పుడు నెలకు 37 వేలు, రెండేళ్ళ తర్వాత 42 వేలు, ఇంటి అద్దె భత్యం వేరు. ముంబైలో ఐజీఐడీఆర్ (ఇందిరా గాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ), ఢిల్లీలో ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇవన్నీ మంచివే. ఇక్కడ చేరాక ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్‌తో ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో పనిచేసి రావచ్చు. దీన్ని రెండో దారి అనుకోకుండా పక్కపక్కనే పెట్టుకోండి.

కానీ నేను రాయాలనుకున్నది ప్రశ్న గురించి. నా మొదటి ప్రపోజల్‌లో "రాయలసీమ వ్యవసాయంపై వాతావరణ మార్పు ప్రభావం" అని రాశా. ఎవరూ జవాబివ్వలేదు, ఇవ్వకపోవడం న్యాయమే, అది ప్రశ్న కాదు. మీ ఫారంలోనే అసలు ప్రశ్నలు ఉన్నాయి. చూడండి, మన జిల్లాలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్లు, అదీ వంకకు ఈ పక్క పడితే ఆ పక్క పడదు. వాతావరణ ఆధారిత ఇన్సూరెన్స్‌లో లెక్క వానమాపకం దగ్గర కురిసిన వానను బట్టి. వానమాపకం ఉన్న చోట తడిసింది, మీ నాన్న చేను ఎండింది, పైసా రాదు. దీన్ని బేసిస్ రిస్క్ అంటారు. ఈ తేడా ఎంత, దానివల్ల రైతు మళ్ళీ పాలసీ తీసుకోవడం మానేస్తున్నాడా, తీసుకోనివాడు బోరు మీద ఎక్కువ ఖర్చు పెడుతున్నాడా? ఇదీ ప్రశ్నంటే.

దీని మీద మన అనంతపురం జిల్లాలోనే పని జరిగింది. జీనే, టౌన్‌సెండ్, వికరీ అని ముగ్గురు అనంతపురం, మహబూబ్‌నగర్ పల్లెల్లో వాన ఇన్సూరెన్స్ గురించి సర్వే చేసి 2008లో అచ్చు వేశారు. నష్టానికి ఎక్కువ భయపడే రైతే ఇన్సూరెన్స్ ఎక్కువగా కొంటాడని పుస్తకం చెప్తుంది కదా, వాళ్ళకు తేలింది ఉల్టా, అలాంటివాళ్ళే తక్కువ కొన్నారు, కొత్త సరుకు మీద నమ్మకం కుదరక. చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది, ఇది మా అవ్వకు తెలిసిన సంగతే, దాన్ని లెక్కల్లో చూపించింది మాత్రం దూరం నుంచి వచ్చినవాళ్ళు.

బోర్ల మీద అయితే ఇంకో ప్రశ్న. కరెంటు ఉచితం, కింద నీరు అందరిదీ ఒకటే, పక్కవాడు లాగేలోపు నేను లాగాలి. మన మూడు జిల్లాలతో కలిపి ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అని రైతులే నీటిమట్టం కొలుచుకునే కార్యక్రమం ఒకప్పుడు నడిచింది. కొలిచిన ఊళ్ళలో పంటలు మారాయా, ఆ అలవాటు ఇప్పటికీ మిగిలిందా? ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్క్ వచ్చాక మేత భూములు ఏమయ్యాయి, గొర్రెలోళ్ళు ఎటు పోయారు, అదొక ప్రశ్న. ఒక్కటి పట్టుకోండి, మూడూ రాయొద్దు.

దుర్గం_చేను:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మొత్తం మూడుసార్లు చదివాను. కన్సల్టెన్సీకి వద్దని ఫోన్ చేసి చెప్పేశా. లెక్చరర్ గారూ, ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నాకు వర్తించదు గానీ మా ఆఫీసులో పనిచేసే అక్కకు వర్తిస్తుంది, వాళ్ళకు సెంటు భూమి లేదు, ఆమెకు చూపించాను, ఇద్దరం కలిసి చదువుతాం అంటోంది. మా పక్కింటి తమ్ముడి ఎంపీసీ పుస్తకాలు తెచ్చుకున్నా.

ఇన్సూరెన్స్ ప్రశ్న తీసుకుంటాను. మా సర్వేలో 11 ఊళ్ళ వివరాలు ఉన్నాయి, ఏ చేనులో ఎన్ని మూటలొచ్చిందో, డబ్బు పడిందో లేదో అన్నీ నా చేత్తో రాసినవే. వాటిని ప్రపోజల్‌లో వాడొచ్చా? ప్రొఫెసర్లకు మెయిల్ ఎంత పెద్దగా రాయాలి?

ప్రొద్దుటూరు_నుంచి_రైన్:

మీరు రాసినా ఆ వివరాలు సంస్థవి, పైగా అందులో రైతుల పేర్లు, అప్పులు ఉంటాయి. సంస్థవాళ్ళను అడిగి అనుమతి కాగితం మీద తీసుకోండి, మెయిల్ అయినా చాలు. ఇవ్వకపోతే అంకెలు వాడకండి, కానీ మీరు కళ్ళారా చూసింది రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మెయిల్ పదిహేను లైన్లు దాటొద్దు. మొదటి రెండు లైన్లలో మీ ప్రశ్న, తర్వాత ఆ ప్రొఫెసర్ పేపర్ ఏది చదివారో, అది మీ ఊళ్ళో ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో, చివర్లో మీ రెండేళ్ళ ఫీల్డ్ పని. "రెస్పెక్టెడ్ సర్" అని ఒకే మెయిల్ వందమందికి పంపొద్దు. నేను 43 పంపితే ఆరుగురు జవాబిచ్చారు, అందులో ఒక్కరు ఇప్పుడు నా గైడ్. యూరప్‌లో ఎక్కువ ప్రకటనలు నాకు అక్టోబర్ నుంచి మార్చి లోపు కనిపించాయి, దాన్ని బట్టి ప్లాన్ చేసుకోండి. రెండు పేజీల ప్రపోజల్ రాశాక, ఊళ్ళ పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, ధర్మవరం అన్న, నేను చదివి గీతలు పెడతాం.