పెడల్ కొనాలా, స్పీకర్ మార్చాలా? గిటార్‌కి ట్యూబ్ యాంప్ వాడేవాళ్లు చెప్పండి

ఆరోతీగ:
నాది 15 వాట్ల ట్యూబ్ కాంబో, యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో. రెండు ఈఎల్84 వాక్యూమ్ ట్యూబులు, 12 అంగుళాల 8 ఓమ్స్ స్పీకర్ ఒకటి. క్లీన్ సౌండ్ బాగుంటుంది. డిస్టార్షన్ పెడల్ (సౌండ్‌ని కావాలని గరుకు చేసేది) నొక్కానో, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టే. ఇప్పటికి మూడు పెడళ్లు మార్చాను. నాలుగోది కొనబోతుంటే ఫ్రెండ్ ఆపి స్పీకర్ మార్చమన్నాడు. ఖర్చు రెండింతలు. అంత తేడా ఉంటుందా?

సోల్డర్‌మావయ్య:
ఉంటుంది. గిటార్ స్పీకర్ ఇచ్చింది ఇచ్చినట్టు వినిపించే రకం కాదు. సుమారు 5 వేల హెర్ట్జ్ దాటాక దాని గొంతు పడిపోతుంది. డిస్టార్షన్‌లో గరగరని వడకట్టేది అదే. ఆ పడిపోయే ముందు ఎక్కడ, ఎంత ఎగుస్తుందన్నది ఒక్కో స్పీకర్‌కి ఒక్కోలా ఉంటుంది. సెలెస్షన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ 25 వాట్లు తట్టుకుంటుంది, మోత 98 డెసిబెల్స్. వాళ్లదే వింటేజ్ 30 అయితే 60 వాట్లు, అదే పవర్‌కి మోత 100 డెసిబెల్స్ (పేరులో 30 చూసి వాట్లనుకోకు). ఆ 2 డెసిబెల్స్ తేడా అంటే యాంప్ పవర్ ఒకటిన్నర రెట్లు పెంచినంత.

రాత్రిరిఫ్:
నేను ఒప్పుకోను మావయ్యా. మీరు స్టేజీ లెక్క చెప్తున్నారు. అపార్ట్‌మెంట్‌లో వాల్యూమ్ 2 దాటితే కింది ఫ్లోర్ ఆంటీ పైకి వస్తుంది. అన్నా, ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టు. డ్రైవ్ నాబ్ దాదాపు సున్నా, లెవెల్ నాబ్ ఫుల్. బేస్ కోసేసి 720 హెర్ట్జ్ చుట్టుపక్కల పెంచుతుంది, మిగతాది యాంప్ మొదటి దశలోని ప్రీయాంప్ ట్యూబులే చూసుకుంటాయి. క్లీన్ యాంప్ మీద బండ డిస్టార్షన్ వేసి స్పీకర్‌ని తిడితే ఎలా?

సోల్డర్‌మావయ్య:
ముందు ఏ పెడల్ పెట్టినా చివరికి ఆ స్పీకర్ కోన్‌లోంచే బయటికి రావాలి కదా బాబూ.

ఆరోతీగ:
ఫ్రెండ్ దగ్గర 16 ఓమ్స్ క్యాబ్ (విడి స్పీకర్ పెట్టె) ఉంది. నా యాంప్‌కి 8 ఓమ్స్ జాక్ ఒక్కటే. పెట్టి చూడనా?

రాత్రిరిఫ్:
పెట్టు. రెట్టింపు తేడాతో వాయించేవాళ్లు బోలెడు మంది.

సోల్డర్‌మావయ్య:
నేనైతే పెట్టను. లోడ్ ఓమ్స్ పెరిగితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో, ట్యూబ్ సాకెట్లలో వోల్టేజీ ఎగుస్తుంది. కాసేపు తట్టుకోవచ్చు, రోజూ వద్దు. అన్నిటికంటే ప్రమాదం స్పీకర్ వైరు ఊడిన యాంప్‌ని వాయించడం. ట్రాన్సిస్టర్ యాంప్‌కి అది ఏమీ కాదు, ట్యూబ్ యాంప్‌కి ట్రాన్స్‌ఫార్మరే పోవచ్చు. ఇంకోటి, క్యాబ్‌కి గిటార్ కేబుల్ వాడొద్దు, లోపలి తీగ సన్నం. స్పీకర్ కేబులే కావాలి. మల్టీమీటర్‌లో 8 ఓమ్స్ స్పీకర్ 6 దగ్గర చూపిస్తే కంగారు పడకు. మీటర్ చూసేది కాయిల్ డీసీ రెసిస్టెన్స్.

వేపచెట్టు:
ఇంత సేపూ ఎవరూ అడగలేదు. యాంప్ ఎక్కడ పెట్టి వింటున్నావ్?

ఆరోతీగ:
టేబుల్ మీద. నేను ఎదురుగా కుర్చీలో.

వేపచెట్టు:
అంటే కోన్ సరిగ్గా చెవికి ఎదురుగా ఉందన్నమాట. హై ఫ్రీక్వెన్సీలు టార్చి లైటులా సూటిగా వస్తాయి. కొంచెం పక్కకి తిప్పి విను.

ఆరోతీగ:
తిప్పాను. గరగర సగం తగ్గింది, సిగ్గేసింది. మిగతా సగం అలాగే ఉంది. ఆదివారం ఇంకొకరి 8 ఓమ్స్ క్యాబ్ దొరుకుతోంది, అదే పెడల్‌తో విని చెప్తాను.

రాత్రిరిఫ్:
పనిలో పనిగా స్క్రీమర్ కూడా అడిగి తీసుకెళ్లు. ఇంతకీ ఆ మూడు పెడళ్లు అమ్ముతావా?