అజిలిటీ, ఒబీడియెన్స్ రెండింటికీ ఏ జాతి కుక్క మంచిది?

కొత్తపట్టీ:
అందరికీ నమస్కారం. అజిలిటీ (హర్డిల్స్, టన్నెల్‌లాంటి అడ్డంకుల కోర్సును మన సైగలను బట్టి పరుగెత్తి దాటే ఆట), ఒబీడియెన్స్ (చెప్పినట్టు పక్కన నడవడం, కూర్చోవడం, వస్తువు తేవడంలాంటివి చేసే ఆట) రెండూ నేర్పిద్దామని ఒక కుక్కపిల్లను తీసుకోవాలనుకుంటున్నాం. ఇదే మా మొదటి కుక్క. ఉండేది అపార్ట్‌మెంట్‌లో. పొద్దున ముప్పావుగంట, సాయంత్రం గంట కచ్చితంగా కేటాయించగలం. ఎక్కడ అడిగినా బోర్డర్ కోలీ అనే అంటున్నారు. మొదటిసారి పెంచేవాళ్లకు అది సరిపోతుందా? కాకపోతే ఏది? పిల్లను ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

మూడోహర్డిల్:
కోలీ తెలివి గురించి మీరు విన్నదంతా నిజమే, కానీ మొదటి కుక్కగా వద్దండి. మందను తోలడానికి తరతరాలుగా ఏరి పెంచిన జాతి అది. కాపరి అడుగు పక్కకు వేసినా వెంటనే పసిగడుతుంది. కోర్సులో కొత్తవాళ్లకు చిక్కు వచ్చేది ఇక్కడే. అజిలిటీలో కుక్క మీ మాటకన్నా ముందు మీ భుజాన్ని, పాదాలు తిరిగిన దిక్కును చూస్తుంది. మూడో హర్డిల్ దాటాక కుడికి తిప్పాలనుకోండి. అది గాల్లోకి లేవకముందే మీ భుజం కుడికి తిరిగి ఉండాలి. నేలమీద దిగాక తిరిగితే, కోలీ అప్పటికే ఎదురుగా ఉన్న టన్నెల్‌లో దూరిపోయి ఉంటుంది. ఇలా నాలుగుసార్లు జరిగితే ఏం చేయాలో తెలియక మొరగడం, గిరగిరా తిరగడం, మీ ప్యాంటు అంచు పట్టి లాగడం మొదలుపెడుతుంది. తప్పు కుక్కది కాదు, దానికి కబురు ఆలస్యంగా అందింది. ఇంట్లోనూ చేతినిండా పని లేకపోతే గోడమీద వెలుగు మచ్చల్ని, నీడల్ని, కింద పోయే సైకిళ్లను వెంటాడటం మరుగుతుంది. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.

మీరు చెప్పిన సమయానికి నా ఓటు మినియేచర్ పూడుల్‌కే. భుజం దగ్గర ఎత్తు 28 నుంచి 35 సెం.మీ., తేలికైన ఒళ్లు, మనిషి ముఖం చూస్తూ పనిచేసే గుణం. రెండు ఆటలకూ పనికొస్తుంది. కష్టమల్లా జుట్టుతోనే. నాలుగైదు వారాలకోసారి కత్తిరించాలి. కళ్లమీద పడితే బార్ ఎంత దూరంలో ఉందో అంచనా తప్పి పడగొడుతుంది. శిక్షణ చాలలేదనుకుని మళ్లీ మళ్లీ దూకిస్తారు కొందరు. ముందు ఆ జుట్టు తీసి చూడండి.

రెండో ఎంపిక షెల్టీ, అంటే షెట్లాండ్ షీప్‌డాగ్. చురుకైనది, మాట వింటుంది. పరుగెత్తుతూ విపరీతంగా మొరుగుతుంది కాబట్టి అపార్ట్‌మెంట్‌లో పొరుగువాళ్ల సంగతి కూడా ఆలోచించుకోండి. చప్పుడుకు బెదిరే షెల్టీలు చాలానే ఉంటాయి. అజిలిటీ కోర్సులో సీ-సా (ఒక చివర కిందికి దిగితే రెండోది పైకి లేచే పలక) ధడేల్‌మని నేలను తాకితే ఒక్కసారికే దాని దగ్గరికి రావడం మానేస్తాయి. అందుకే పలక చివర కింద మందపాటి దిండు పెట్టి, మొదట నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే కిందికి కదిలేలా చూసుకోవాలి. అలవాటయ్యే కొద్దీ దిండు మందం తగ్గించాలి.

బెల్జియన్ మాలినోయిస్ (పోలీసు, సైన్యం పనులకు వాడే జాతి) జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి.

ఎడమపక్క:
పూడుల్ మంచిదే, కాదనను. కానీ ఒబీడియెన్స్ మీద మనసుంటే గోల్డెన్ రిట్రీవర్‌ని పక్కన పెట్టకండి. ఈ రెండు ఆటలూ కుక్కను అడిగేది ఒకటి కాదు. ఒబీడియెన్స్‌లో మీ ఎడమపక్క, దాని భుజం మీ కాలికి సమానంగా, నిమిషాల తరబడి అంటిపెట్టుకుని నడవాలి. డంబెల్ (నోట పట్టుకునే చిన్న కడ్డీ) తెచ్చి, నమలకుండా నోట పట్టుకుని ఎదురుగా కూర్చోవాలి. అజిలిటీలో మిమ్మల్ని వదిలి ముందుకు దూసుకుపోవాలి. గోల్డెన్‌కు మొదటిది సహజంగా అబ్బుతుంది, వస్తువును మెత్తగా నోట కరుచుకోవడం దాని రక్తంలోనే ఉంది. రెండోదానికి బరువు అడ్డం. వీవ్ పోల్స్ (కుక్క అటూఇటూ వంకర్లు తిరుగుతూ దాటాల్సిన నిలువు కర్రల వరస) మధ్య దూరం 60 సెం.మీ. మాత్రమే. పెద్ద కుక్క 12 పోల్స్ దాటేలోపు అడుగడుగునా వెన్ను వంచాల్సి వస్తుంది.

గోల్డెన్‌లోనైనా, లాబ్రడార్‌లోనైనా జాతి పేరుకన్నా లైన్, అంటే ఏ పనికోసం ఏరి పెంచిన వంశం అన్నది ముఖ్యం. షో లైన్ కుక్కలు బరువుగా, నెమ్మదిగా ఉంటాయి. వర్కింగ్ లైన్‌వి సన్నగా, వేగంగా ఉంటాయి, కానీ ఇంట్లో ఓ చోట కుదురుగా పడుకోవడం విడిగా నేర్పాలి.

డబ్బు ఇచ్చేముందు తల్లిదండ్రుల పరీక్షల కాగితాలు అడగండి. గోల్డెన్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి, మోచేతి కీళ్ల ఎక్స్‌రేలు ఉండాలి. పూడుల్, పాపియాన్‌లాంటి చిన్నవాటికి మోకాలి చిప్ప పక్కకు జారే జబ్బు వస్తుంది, అది ఉంటే పరుగులో రెండుమూడు అడుగులు వెనకకాలు ఎత్తి గెంతుతాయి. కంటి పరీక్ష అన్నింటికీ అవసరం. షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లకు ఎండీఆర్1 జన్యు పరీక్ష చేయించాలి. ఆ జన్యువులో లోపం ఉన్న కుక్కకు ఐవర్‌మెక్టిన్ (పురుగులకు వేసే మందు) ఎక్కువ మోతాదులో పడితే ప్రాణం మీదికి వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ మెర్ల్ రంగువైతే (లేత రంగు మీద ముదురు మచ్చలు చెదిరినట్టుండే బొచ్చు) ఆ పిల్లల్ని తీసుకోకండి. సగటున నాలుగింట ఒకటి డబుల్ మెర్ల్‌గా (ఇద్దరి నుంచీ ఆ జన్యువు వచ్చినదిగా) పుడుతుంది, వాటికి చెవుడు, కంటి లోపాలు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఇది తెలిసీ జత కలిపేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

బుజ్జితోక:
పిల్లను ఎంచుకోవడం గురించి. ఏడెనిమిది వారాల వయసులో, నిద్రలేచి ఆడుకునే వేళకు వెళ్లండి. తిని మత్తుగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు. ముందు తల్లిని చూడండి. కొత్తవాళ్లను చూసి అది మూలకు నక్కినా, ఆగకుండా మొరిగినా అక్కడితో ఆపేయండి.

తర్వాత ఒక్కో పిల్లనూ విడిగా కొత్త గదిలోకి తీసుకెళ్లాలి. ఉండచుట్టిన కాగితం ఒకటి మీటరు దూరం దొర్లించండి. వెంటపడిందా, నోట కరిచిందా, పిలిస్తే మీవైపు తెచ్చిందా? మీవైపు తెచ్చే పిల్ల రెండు ఆటలకూ మంచిది. తీసుకుని మూలకు పారిపోయేది పనికిరానిది కాదుగానీ, దానితో ఓపిక ఎక్కువ కావాలి. తాళాల గుత్తి రెండు మీటర్ల అవతల పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. కొన్ని సెకన్లలో తేరుకుని, అదేంటో వాసన చూడ్డానికి వెళ్లిందా అన్నదే చూడాలి. గరగరలాడే ప్లాస్టిక్ పట్టా మీద నడిపించి చూడండి. వేరే రోజు మళ్లీ వెళ్లి ఇవన్నీ ఇంకోసారి చేయండి. మిగతావాటిని తోసుకుని మొదట మీదికొచ్చే పిల్లే ఉత్తమం అనుకోవద్దు.

ఇంకో మాట. ఏడాదిన్నర దాటిన మిశ్రమ జాతి కుక్కను దత్తత తీసుకుంటే కాళ్ల తీరు, బరువు, స్వభావం అన్నీ కళ్లముందే ఉంటాయి. ఊహించాల్సినవి తక్కువ.

కొత్తపట్టీ:
చాలా థాంక్స్ అండి. పూడుల్ వైపే మొగ్గుతున్నాం. దూకడం ఎప్పుడు మొదలుపెట్టాలి? అప్పటిదాకా ఏం నేర్పాలి?

మూడోహర్డిల్:
ఎముకల చివర ఉండే ఎదుగుదల పొరలు మూసుకునేదాకా పూర్తి ఎత్తు వద్దు. చిన్న జాతుల్లో అది ఏడాదికి కాస్త అటూఇటూ, పెద్దవాటిలో ఏడాదిన్నర దాకా పడుతుంది. ఎఫ్‌సీఐ (అంతర్జాతీయ కుక్కల సమాఖ్య) అజిలిటీ పోటీలకు కనీస వయసు 18 నెలలు. అందాకా బార్ నేలమీదే పెట్టి, రెండు కంబాల మధ్య నుంచి వెళ్లి తిరిగి రావడం నేర్పండి. వీవ్ పోల్స్ కూడా అప్పుడే వద్దు, లేత వెన్ను మీద భారం పడుతుంది.

ముందుగా వెనకకాళ్లు ఎక్కడున్నాయో దానికి తెలియాలి. కుక్కలు ముందుకాళ్లతో వెళ్లిపోతాయి, వెనకవి వెంట వస్తాయంతే. గట్టి పుస్తకమంత ఎత్తున్న పెట్టె మీద ముందుకాళ్లు పెట్టించి, మీరు చుట్టూ తిరుగుతుంటే వెనకకాళ్లతో పక్కకు అడుగులు వేయించండి. హీలింగ్‌లో (ఒబీడియెన్స్‌లో ఎడమపక్క అంటిపెట్టుకుని నడవడంలో) ఎడమకు తిరిగేటప్పుడు నడుము లోపలికి తెచ్చుకోవాలన్నా ఇదే కావాలి. తర్వాత నేలమీద పరిచిన పలక చివర రెండు కాళ్లు పలక మీద, రెండు నేలమీద పెట్టి ఆగడం. డాగ్‌వాక్ (ఎత్తులో ఉండే సన్నటి పలకల వంతెన) చివర కుక్క పాదం తప్పక ఆనాల్సిన పసుపు రంగు కాంటాక్ట్ భాగాన్ని తొక్కకుండా దూకే తప్పు దీనివల్లే తప్పుతుంది.

ఒక్కో విడత మూడు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడు విడతలు. ట్రీట్ బఠాణీ గింజలో సగం ఉండాలి, ఆ మేరకు భోజనంలో తగ్గించాలి. నున్నటి టైల్స్ మీద మాత్రం ఇవేవీ చేయించకండి. కాలు జారి ఒకసారి తొడ కండరం పట్టేస్తే వారాల తరబడి విశ్రాంతే. రబ్బరు చాప పరిచాకే పెట్టె తీయండి.