బట్టీలో గిన్నెలు కుప్పకూలాయి, కారణం చెప్పగలరా?

మట్టిచేతులు:
తెల్లవారుజాము నుంచి తల బద్దలు కొట్టుకుంటున్నాను. నిన్న కరెంటు బట్టీలో ఆరు గిన్నెలు, రెండు కూజాలు పెట్టి 1220 డిగ్రీలకు తీసుకెళ్లాను, గ్లేజు (కాలాక గాజులా మెరిసే పైపూత) డబ్బా మీద రాసినట్టే. ఈ రోజు తలుపు తీస్తే గిన్నెలు లేవు. నల్లగా నిగనిగలాడే ముద్ద, గిన్నెలు పెట్టిన బట్టీ పలకకు అతుక్కుని ఉంది. పగలగొడితే లోపలంతా బుడగలు. కాలిస్తే గట్టిపడాల్సిన మట్టి కరిగిపోవడమేమిటి? బట్టీ చెడిపోయిందా?

పాతకుండ:
ఏ మట్టి?

స్ఫటికం:
దయచేసి 'కరిగింది' అనకండి. మంచుగడ్డలా ఒకే వేడి దగ్గర నీరైపోవడానికి మట్టి ఒకే పదార్థం కాదు. స్వచ్ఛమైన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) లాంటి ఒకే పదార్థానికైతే ద్రవీభవన స్థానం ఉంది, సుమారు 2072 డిగ్రీలు. మట్టిలోనైతే ఇనుము, సున్నం, పొటాష్ కలిసి ముందు కొంత భాగాన్ని గాజుద్రవం చేస్తాయి. ఆ ద్రవం కొద్దిగా ఉన్నంతవరకు గిన్నె నిలబడుతుంది, పెరిగితే వాలిపోతుంది. దీన్ని మెత్తబడటం అనాలి.

ఆవం పక్కిల్లు:
పేరు ఏదైతేనేమండీ, ఆయన పలక పోయింది! బుడగల సంగతి చెప్పండి. పైపొర గాజుగా మూసుకుపోయాక లోపల పుట్టిన వాయువులకు దారి ఉండదు, మట్టి పొంగుతుంది.

స్ఫటికం:
పేరు ముఖ్యమే. కరగడమనుకుంటే ఒక్క డిగ్రీ దాటగానే కూలిందని భ్రమపడతారు. వేడితో పాటు, ఆ వేడిలో ఎంతసేపు ఉంచారన్నదీ లెక్కే.

పాతకుండ:
ఏ మట్టి అని అడిగాను.

మట్టిచేతులు:
ఎర్రమట్టి. మా ఊరి కుమ్మరి దగ్గర తెచ్చుకున్న చెరువు మట్టి. కుండలకు వాడేదే కదా అని రాయలేదు.

పాతకుండ:
అదే కారణం. 1220 డిగ్రీలు స్టోన్‌వేర్ మట్టికి, అంటే ఎక్కువ వేడికి తట్టుకునే రకానికి. ఇది 1000 దగ్గర ఆపండి, గ్లేజు కూడా ఆ వేడికి సరిపోయేది తెచ్చుకోండి. బట్టీని అనుమానించకండి.

ఆవం పక్కిల్లు:
ఈసారి ముందుగా ఆ మట్టితోనే వేలెడు పట్టీ చేసి, రెండు కొసలూ ఇటుక ముక్కల మీద ఆనించి కాల్చండి. నడుము వంగిందంటే హద్దు దాటినట్టే. పలకకు అల్యూమినా, చైనా మట్టి కలిపిన పూత వేయడం మరవకండి.

స్ఫటికం:
చైనా మట్టి అనడం కంటే కయోలిన్ అంటే స్పష్టంగా ఉంటుంది.

ఆవం పక్కిల్లు:
దుకాణంలో చైనా మట్టి అంటేనే ఇస్తారు.

మట్టిచేతులు:
అర్థమైంది, ధన్యవాదాలు. ఉలితో పలక గీకుతున్నాను.

పాతకుండ:
కళ్లద్దాలు పెట్టుకోండి. పెచ్చులు గాజే.