ఆరు రోజుల గ్రూప్ సైకిల్ టూర్: ఎండ, వాన, చలి మూడూ తగిలేలా ఉంటే ఏం సర్దుకోవాలి?

ఎదురుగాలి:
పన్నెండు మందిమి, ఆరు రోజులు, రోజుకు 70–90 కిలోమీటర్లు. మొదటి రెండు రోజులు మైదానం, ఆ తర్వాత 1,600 మీటర్ల ఎత్తు దాకా ఎక్కి దిగాలి. కింద 34 డిగ్రీల ఎండ, పైన ఎప్పుడైనా వాన పడొచ్చట. లగేజీ వ్యానులో వస్తుంది, మనిషికి ఒక బ్యాగు, 10 కిలోలు మించకూడదు. సైకిల్‌కి హ్యాండిల్ బార్ బ్యాగు, సీటు కింద చిన్న బ్యాగు ఉన్నాయి. అన్నిటికీ బట్టలు పెడితే 13 కిలోలు తేలింది. ఏం తీసేయాలి? రెయిన్ జాకెట్ వ్యానులో పడేస్తే సరిపోతుందా?

రెండోగేరు:
వ్యానులో ఉన్న రెయిన్ జాకెట్ లేనట్టే లెక్క. వ్యాను భోజనం దగ్గరో రాత్రి బస దగ్గరో ఆగి ఉంటుంది, వాన మధ్య దారిలో పట్టుకుంటుంది. సర్దేటప్పుడు ప్రతి వస్తువు దగ్గరా ఒకటే చూసుకోండి: అది లేకుండా రెండు గంటలు గడుస్తుందా? గడవదంటే సైకిల్ మీద ఉండాలి.

1,000 మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే మీ దారిలో పైకీ కిందకీ పదికి పైగా తేడా. దిగుడులో గాలి దీనికి అదనం. 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగితే ఒంటికి 6 డిగ్రీల్లా తగులుతుంది, అదీ బట్టలు పొడిగా ఉంటేనే. అందుకని సైకిల్ మీద ఇవి ఉండాలి: రెయిన్ జాకెట్, చేతుల్లేని పల్చటి విండ్ జాకెట్, ఆర్మ్ వార్మర్లు (చలికి చేతులకు విడిగా తొడిగే తొడుగులు), వేళ్లు కప్పే పల్చటి గ్లౌజులు, జిప్ కవర్లో ఒక జత పొడి సాక్సులు. అన్నీ కలిపినా కిలో లోపే. హెల్మెట్ కింద చూరున్న పల్చటి టోపీ పెట్టుకుంటే చినుకులు కళ్లజోడు మీద పడవు.

ఇక తీసేయాల్సినవి. జీన్స్ మొదట తీసేయండి. కాటన్ టీషర్టుల్లో రాత్రికి ఒకటి చాలు. తడిసిన కాటన్ ఆరదు, ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. తొక్కేటప్పుడు పాలిస్టర్ గానీ మెరినో ఉన్ని గానీ వేసుకోండి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ మాత్రం మూడు ఉండాలి: ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరుతూ, ఒకటి పొడిగా చేతిలో. తడి ప్యాడ్‌తో రెండో రోజు తొక్కితే తొడల సందున ఒరుసుకుని పుండ్లు పడతాయి, అక్కడితో టూర్ ఆగిపోతుంది. జెర్సీలు కూడా మూడే. సాయంత్రానికి ఒక జత బట్టలు, చెప్పులు.

వ్యాను బ్యాగు లోపలా తడుస్తుంది, వానలోనే ఎక్కించి దించుతారు కదా. రోజుకో జత చొప్పున విడివిడి ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి. విడిచిన తడి బట్టలకు ఇంకో కవరు.

గాలిగది:
పై మాటలన్నీ సరే. జాకెట్ గురించి ఒక్కటి. ఎంత మంచి వాటర్‌ప్రూఫ్ అయినా ఎక్కుడులో వేసుకుంటే లోపలి చెమటతో తడిసిపోతారు. ఎక్కేటప్పుడు విప్పి కట్టేయండి, సన్న చినుకులే అయితే పట్టించుకోవద్దు. కొండ మీద ఆగగానే, చలి వేయకముందే తొడగండి. వణుకు మొదలయ్యాక వేళ్లు జిప్ దగ్గరకి పోవు. కొనేటప్పుడు చంకల దగ్గర జిప్‌లున్నది, వెనక పొడవున్నది చూసుకోండి. వాన ప్యాంటు నా దృష్టిలో అనవసరం, మోకాళ్ల దగ్గర చెమటపట్టి ఎలాగూ తడుస్తారు.

గుంపులో ఎవరికైనా వణుకు తగ్గకుండా మాట తడబడుతుంటే ఆగిపోవాలి, తడి బట్టలు విప్పించి పొడివి తొడగాలి. గుంపుకి రెండు రేకు దుప్పట్లు ఉంచుకోండి, మడిస్తే అరచేతిలో పడతాయి.

పంచర్‌పెట్టె:
బట్టలు సరే, వానకి సైకిల్ ఏమవుతుందో కూడా చూడండి. తడి రోడ్డు మీద పంచర్లు ఎక్కువ. నీళ్లకు గాజు పెంకులు టైరులోకి సులువుగా దిగుతాయి, పక్కనున్న చెత్త కూడా రోడ్డు మీదకి కొట్టుకొస్తుంది. మనిషికి రెండు ట్యూబులు ఉండాలి. బయల్దేరే ముందు అందరి టైరు సైజులూ వాల్వు రకాలూ రాసుకోండి. పంపు ప్రెస్టాకే (సన్నటి వాల్వు) పట్టేదైతే ష్రేడర్ వాల్వు (బైకులకీ కార్లకీ ఉండే లావుపాటిది) ఉన్నవాళ్లు దిక్కులు చూస్తూ నిలబడాలి. పంపులు మూడు, చైన్ టూల్ (తెగిన చైను కలిపే పనిముట్టు) రెండు, టైరు చిరిగితే లోపల పెట్టే ముక్కలు రెండు గుంపుకి చాలు. అవన్నీ ఒకరి బ్యాగులోనే పెట్టొద్దు.

వానలో తొక్కిన సాయంత్రం చైను గుడ్డతో తుడిచి, వెట్ ల్యూబ్ (వానకి తట్టుకునే చైను నూనె) లింకుకో చుక్క వేసి, మిగిలింది తుడిచేయండి. డ్రై ల్యూబ్ (పొడి వాతావరణానికి వాడే నూనె) ఒక్క వానకే పోతుంది, మర్నాడు చైను కీచుమంటుంది. డిస్క్ బ్రేకు పళ్లెం మీద మాత్రం చుక్క పడకూడదు. ఇసుక కలిసిన నీటికి బ్రేక్ ప్యాడ్లు మామూలు కన్నా చాలా త్వరగా అరుగుతాయి, మీ కాలిపర్ (ప్యాడ్లను పట్టి నొక్కే భాగం) మోడల్‌కి సరిపోయే జత ఒకటి దగ్గర పెట్టుకోండి. రిమ్ బ్రేకులు (చక్రం అంచును పట్టేవి) తడిలో ఆలస్యంగా పడతాయి, ముందే మెల్లగా నొక్కి నీళ్లు తుడవాలి. వెనక మడ్‌గార్డు తప్పనిసరి. మీ కోసం కాదండోయ్, మీ వెనక వచ్చేవాళ్ల ముఖం కోసం.

ఎదురుగాలి:
బాగా అర్థమైంది. జీన్స్, ఫ్లీసులు తీసేశాక 9.4 కిలోలు! బూట్లు రాత్రికి రాత్రి ఆరడానికి ఏదైనా ఉపాయం ఉందా? ఉరుములు మొదలైతే ఏం చేయాలి?

రెండోగేరు:
బూట్ల లోపలి అట్టలు బయటికి తీసి, న్యూస్‌పేపర్ ఉండలు కుక్కండి. గంటకి పీల్చిందంతా పీల్చేస్తుంది, తీసి కొత్తవి పెట్టాలి. పడుకునేలోపు మూడుసార్లు మార్చితే పొద్దునకి చెమ్మ మాత్రమే మిగులుతుంది. హీటర్ మీద పెడితే జిగురు ఊడుతుంది. జెర్సీని పొడి తువ్వాల్లో చుట్టి, మడతమీద కాలేసి తొక్కండి, చేత్తో పిండిన దానికంటే త్వరగా ఆరుతుంది.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల లోపు ఉంటే దగ్గర్లోని భవనంలోకో, వ్యానులోకో వెళ్లాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగాలి. ఒంటరి చెట్టు కిందకి వెళ్లొద్దు. రబ్బరు టైర్లు కాపాడతాయన్నది ఉత్తమాట.